నాలుకకు తెలియకుండా తగ్గే ఉప్పు

మా వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంది. కేకులు చేద్దామని కొన్నాం. కేకులు ఒకటి రెండుసార్లు మాత్రమే పొంగాయి గానీ, కాటా నా అనుమానాలు తీర్చుకోవడానికి బాగానే పనికొస్తోంది. ఆవకాయ కలిపిన మూడో నాడు, తిరగగలిపాక, రోజూ అన్నంలో వేసుకునేంత పచ్చడి గిన్నెలో వేసి తూచాను. ముక్క, ఊట, నూనె అన్నీ కలిసి 18 గ్రాములు. ఉప్పునీట ఊరేసే పచ్చళ్లలో కనీసం 12 శాతం ఉప్పు ఉండాలని మన ఆహార నిబంధనలే చెబుతాయి. ఆవకాయకూ ఆ లెక్కే పట్టుకుంటే నా వాటా పచ్చడిలో ఉప్పు రెండు గ్రాముల పైచిలుకు. మధ్యాహ్నం పప్పన్నంలో ఒకసారి, రాత్రి పెరుగన్నంలో ఇంకోసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండమంటోంది. కూరలో, చారులో, ఇడ్లీ పిండిలో వేసింది ఇంకా లెక్కలోకి రానేలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఢిల్లీ, హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో ఊళ్లలోనూ పట్నాలలోనూ 24 గంటల మూత్రం సేకరించి ఉప్పు లెక్క తేల్చారు. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఢిల్లీ, హర్యానాలలో మనిషికి రోజుకు సగటున 8.59 గ్రాములు, మనవైపు 9.46 గ్రాములు. మూత్రమే ఎందుకంటే, తిన్న ఉప్పులో చాలా భాగం ఆ దారినే బయటికి పోతుంది. ఎంత ఉప్పు తింటున్నావని అడిగితే ఎవరైనా కాస్త తగ్గించే చెబుతారు.

మరి తగ్గించేదెవరు? "ఉప్పు తగ్గించండి" అని గోడ మీద రాస్తే తగ్గేదైతే ఈపాటికి తగ్గేది. డాక్టరు చెప్పి పంపినా, కంచం ముందు కూర్చున్నాక చెయ్యి ఉప్పు గిన్నె వైపే పోతుంది. అందుకే తినేవాడి వైపు నుంచి కాక, అమ్మేవాడి వైపు నుంచి ఈ పని మొదలుపెట్టిన దేశాలున్నాయి. వాటిలో చెప్పుకోదగ్గది బ్రిటన్. 2003 నుంచి అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ రొట్టెలు, సూపులు, బిస్కెట్లు చేసే కంపెనీలను కూర్చోబెట్టి, ఏ సరుకులో ఉప్పు ఎంతకు దిగాలో లక్ష్యాలు పెట్టింది. ఒక్కసారిగా కాదు, ఏడాదికి కొంచెం చొప్పున. పదేళ్లలో రొట్టెలో ఉప్పు దాదాపు 20 శాతం తగ్గింది. 2001 ప్రాంతంలో 9.5 గ్రాములున్న రోజువారీ సగటు 2011 నాటికి 8.1కి దిగింది. రొట్టె చప్పబడిందని ఎవరూ రోడ్డెక్కలేదు.

ఎందుకు తెలియలేదన్నది నాలుక సంగతి. ఉప్పులోని సోడియం అయాన్లు రుచి మొగ్గల్లోని కణాల్లోకి సన్నటి దారుల గుండా దూరినప్పుడు మెదడుకు కబురు వెళుతుంది. ఆ కబురు ఎంత ఉప్పుందో చెప్పేది తక్కువ, నిన్నటికన్నా ఎంత తేడా ఉందో చెప్పేది ఎక్కువ. రెండు కిలోల సంచిలో గుప్పెడు కందిపప్పు తీస్తే చేతికి తెలుస్తుంది, పాతిక కిలోల బస్తాలో తీస్తే తెలియదు. ఉప్పు దగ్గరా అంతే. వందలో అయిదు పాళ్లు తగ్గితే చాలామంది నాలుకలు పట్టుకోలేవు. ఇంకో సంగతి, తక్కువ ఉప్పుకు అలవాటుపడిన నాలుకకు పాత ఉప్పు ఎక్కువనిపిస్తుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 1982లో ఈ సంగతి చూపించారు. కొందరికి అయిదు నెలలపాటు ఉప్పు తగ్గించిన భోజనం పెట్టాక, సూపులోనూ బిస్కెట్లలోనూ వాళ్లకు నచ్చే ఉప్పు మోతాదు దానంతటదే దిగివచ్చింది. మా పెద్దమ్మ బీపీ వచ్చి ఉప్పు తగ్గించిన ఆరునెలలకు మా ఇంటికొచ్చి, "ఏందమ్మా, ఈ పప్పులో ఉప్పు డబ్బా బోర్లించావా" అన్నప్పుడు నేను నవ్వుకున్నాను. ఆమె నాలుక మోనెల్ వాళ్ల ఫలితాన్నే మళ్లీ ప్రకటించింది.

అయితే బ్రిటన్ దారి మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. వాళ్లు తినే ఉప్పులో సుమారు మూడొంతులు ఫ్యాక్టరీలో పడేది. మనది ఎక్కువ భాగం ఇంట్లో, మన చేత్తో పడేది. చిప్స్ ప్యాకెట్ల మీద ఎంత యుద్ధం చేసినా ఆంధ్రా వంటింటి ఉప్పు అక్కడే ఉంటుంది. ఒంగోలు ట్రంకు రోడ్డులో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లి చూడండి. మన ఉప్పును నిజంగా శాసించే కంపెనీ సరుకులు మూడే: సీసా పచ్చళ్లు, కారప్పొడి ప్యాకెట్లు, ఉప్పు ప్యాకెట్టు.

పచ్చడితో చిక్కుంది. అందులో ఉప్పు రుచికి మాత్రమే కాదు, కాపలాకు కూడా. ముక్కలోని నీటిని ఉప్పు లాగి పట్టేసుకుంటుంది. బూజుకూ బాక్టీరియాకూ తాగడానికి నీరు మిగలదు. అలా ముక్కలోంచి దిగిన నీరే ఊట. ఉప్పు సగానికి కోస్తే జాడీ మీద తెల్లటి పొర కట్టడం ఖాయం. ఉప్పు తగ్గించాలంటే పులుపు పెంచాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి అమ్మాలి, ఆ రెండూ కుదరకపోతే తినే మోతాదును తగ్గించాలి. పెద్ద మూతి సీసాకు బదులు చిన్న సీసా, గరిటెకు బదులు లోపలే ఒక చిన్న చెంచా పెట్టి అమ్మొచ్చు. ఇందులో రసాయనశాస్త్రం ఏమీ లేదు, మనిషి ముందున్న చెంచా ఎంతుంటే అంతే వడ్డించుకుంటాడన్న సంగతి తప్ప.

కారప్పొడి దగ్గర మాత్రం నాకు ఆశ ఉంది. 2017లోనే చైనాలోని చోంగ్‌చింగ్ వైద్యులు 606 మందిని పరీక్షించి ఒక వింత సంగతి చెప్పారు. కారం ఇష్టపడేవాళ్లు ఉప్పు తక్కువ తింటున్నారు, వాళ్ల బీపీ కూడా తక్కువగా ఉంది. మెదడులో ఉప్పు రుచికీ కారం మంటకూ స్పందించే చోట్లు ఒకదాని మీద ఒకటి పడతాయట. కారం తగిలితే కొద్దిపాటి ఉప్పే ఎక్కువగా తోస్తుంది. అసలు కారం రుచి కాదు, వేడి. మిరపలోని క్యాప్సైసిన్, ఒంటిని కాల్చే వేడిని పసిగట్టే గ్రాహకాన్నే మీటుతుంది. దాన్ని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఈ లెక్కన గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల జనమే దేశంలో అందరికన్నా తక్కువ ఉప్పు తినాలి. మనవైపు సగటు 9.46 గ్రాములు మరోలా చెబుతోంది. మనం కారం పెంచితే ఉప్పూ దానితోపాటు పెంచుతాం; ఆవకాయలో కారం, ఆవపిండి, ఉప్పు సమానంగా కొలుస్తాం కదా. కానీ కంపెనీ తల్చుకుంటే ఆ జోడీని విడదీయగలదు. ఇడ్లీకారంలో, నల్లకారంలో ఉప్పు ఊరగాయలోలా కాపలా కాయనక్కర్లేదు, పొడిగా ఉండటమే వాటికి కాపలా. మిరప, వెల్లుల్లి, చింతపండు అలాగే ఉంచి ఏడాదికి అయిదు పాళ్ల చొప్పున ఉప్పు దించుతూ పోతే, మన కారం నాలుకలు బ్రిటన్ నాలుకలకన్నా తేలిగ్గా మోసపోతాయని నా నమ్మకం.

ఇక ఉప్పు ప్యాకెట్టు. కంపెనీలు మన తిండిని మనకు తెలియకుండా మార్చిన గొప్ప ఉదాహరణ అదే. చీరాల దారిలో చినగంజాం ఉప్పు మళ్లు చూసినవాళ్లకు రాళ్లుప్పు గుర్తే. ఒకప్పుడు దాన్నే బస్తాల్లో తెచ్చి వీధుల్లో కుంచాలతో కొలిచి అమ్మేవాళ్లు. గొంతువాపు జబ్బును తగ్గించడానికి 1962లో కేంద్రం ఉప్పులో అయోడిన్ కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. 2006లో అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని ఆంక్ష మళ్లీ తెచ్చింది. ఏ ఇల్లాలూ అయోడిన్ గురించి చదివి అలవాటు మార్చుకోలేదు. ప్యాకెట్టు మారింది, అంతే.

ఆ ప్యాకెట్టునే ఇంకోసారి మార్చవచ్చు. సోడియం క్లోరైడ్‌లో కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలిపితే ఉప్పదనం చాలావరకు అలాగే ఉంటుంది, సోడియం తగ్గుతుంది, పొటాషియం రక్తనాళాలకు మంచిది కూడా. చైనాలో 600 ఊళ్లలో దాదాపు 21 వేలమందితో అయిదేళ్లు సాగిన పరీక్షలో ఇలాంటి ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ సిద్దిపేట ప్రాంతంలోని ఏడు పల్లెలు. అక్కడ బీపీ ఉన్న 502 మందికి మూడు నెలలపాటు ప్యాకెట్లు పంచారు. కొందరికి మామూలు ఉప్పు, కొందరికి 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఎవరికి ఏది వచ్చిందో తినేవాళ్లకూ తెలియదు, పరీక్షించేవాళ్లకూ తెలియదు. రెండో ఉప్పు వాడినవాళ్ల పైబీపీ మిగతావాళ్లకన్నా సగటున 4.6 పాయింట్లు దిగింది. తెలంగాణ పల్లె వంట, అవే కూరలు, అదే పచ్చిపులుసు. మారింది ప్యాకెట్టే. ఈ ఉప్పు ఒంగోలు కొట్లలోనూ దొరుకుతుంది, కాస్త ఖరీదెక్కువ, అడిగితే లోపలి నుంచి తెచ్చిస్తారు. ఉప్పు కంపెనీలు దాన్ని అందరి కంటికీ కనబడే అరలోకి, అందరికీ అందే ధరకు తెస్తే వంద ఆరోగ్య ప్రకటనలు చేయలేని పని అవుతుంది.

ప్యాకెట్టు మీది మాట కూడా చిన్నది కాదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడింది ఒక్క మాట మీదే: ఓఆర్‌ఎస్. విరేచనాలైన పిల్లలకిచ్చే అసలు ద్రావణంలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. ఆ పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముడైన పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. చక్కెర మించితే అది పేగుల్లోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెంచుతుంది. ఇది అసలు ఫార్ములా కాదని లేబుల్ మీద రాస్తే చాలునని 2022లో సడలింపు ఇచ్చిన ఆహార భద్రతా సంస్థ, 2025 అక్టోబరులో దాన్ని తీసేసి, ఆ మూడక్షరాలే వాడొద్దంది.

ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలను చదివే ఓపిక ఉన్నవాళ్లకు ఒక లెక్క. లేబుల్ మీద ఉప్పని రాయరు, సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల సోడియం హద్దు. "ఒక సర్వింగ్" అంటే ఎంతో కంపెనీయే రాసుకుంటుంది కాబట్టి 100 గ్రాముల లెక్కనే చూడండి. పొటాషియం కలిపిన ఉప్పు కొందామనుకునే ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బున్నా, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడుతున్నా, ముందు డాక్టరును అడిగి ఆ తర్వాతే ప్యాకెట్టు తెచ్చుకోండి.