తొమ్మిదో తరగతి జూన్

అలంపూర్ ప్రాంతం తల్లిదండ్రులకు కర్నూలు ఏనాడూ పరాయి రాష్ట్రం అనిపించలేదు. జిల్లా కేంద్రమైన గద్వాల కంటే తుంగభద్ర వంతెన దాటితే వచ్చే కర్నూలే వాళ్లకు దగ్గర. పెద్దాసుపత్రికైనా, బంగారం కొనడానికైనా, పిల్లల ఇంటర్ చదువుకైనా అక్కడికే పోతారు. గద్వాల పడమటి ఊళ్లవాళ్లకు రాయచూరు కూడా అంతే.

అలంపూర్ వైపు ఊళ్లలో ఒకచోట హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ తన పెద్దకూతురిని పదో తరగతి కాగానే కర్నూలు కాలేజీలో చేర్చారు. ఇరవయ్యేళ్లుగా ఊరంతా చేస్తున్నదే ఆమె కూడా చేశారు. పిల్ల బైపీసీ పూర్తిచేసి నీట్ రాసిన ఏడాదే, 2024 జూలైలో, జీవో 33 వచ్చింది. తెలంగాణలో మెడికల్ సీటుకు లోకల్ కావాలంటే ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే నాలుగేళ్లూ వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. ఇంటర్ కూడా ఇక్కడే పాసవ్వాలి. అంతకుముందు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఆ పాత లెక్కన ఈ పిల్లకు ఇబ్బందే లేదు. కొత్త లెక్కలో ఇక్కడ నాన్‌లోకల్ అయింది. ఆంధ్రలో చదివింది రెండేళ్లే కాబట్టి అక్కడా లోకల్ కాలేదు. పుట్టింది, పెరిగింది, పదో తరగతి దాకా చదివింది జోగులాంబ గద్వాల జిల్లాలోనే!

ఆ ఏడాది కోర్టుకు వెళ్లిన పిల్లలకు ఊరట దొరికింది. వెళ్లనివాళ్లు, వెళ్లాలని తెలియనివాళ్లు అలాగే ఉండిపోయారు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ల నిబంధనను సమర్థించింది. ప్రభుత్వ సేవలో బయట పనిచేసే వాళ్ల పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దుబాయ్‌లో దుకాణం ఆ మినహాయింపుల్లోకి రావు.

ప్రవాసంలోని మనవాళ్ల సంచిక కమిటీ వ్యాసం అడిగినప్పుడు ఆ టీచరమ్మకు ముందుగా గుర్తొచ్చింది ఈ ఒక్క సంగతే. పైచదువులకు, ఉద్యోగాలకు సముద్రం దాటిన ఆమె శిష్యులు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. "పిల్లలు పెద్దవుతున్నారు మేడమ్, వాపసు వద్దామనుకుంటున్నం" అని ఫోన్ చేస్తుంటారు. ఎప్పుడు అంటే పదో తరగతి అయ్యాక అంటారు. ఆ మాట వినగానే ఆమెకు గుండె దడ. పిల్లను డాక్టర్ చదివించాలన్న ఆలోచన ఇంట్లో ఏ మూల ఉన్నా, తొమ్మిది మొదలయ్యే జూన్‌కే ఇక్కడి బడిలో పేరు ఉండాలి. పదిలో చేరితే ఒక ఏడాది తక్కువ. ఆ లోటు తర్వాత ఎలాగూ పూడదు.

విదేశాల్లో పుట్టిన పిల్లలకు ఇంకో ముడి ఉంది. 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ కార్డు తీసుకున్నవారు నీట్‌లో ఎన్‌ఆర్‌ఐలకు ఉద్దేశించిన సీట్లకే పోటీపడాలి. అంతకుముందే కార్డున్నవారికి పాత హక్కు కొనసాగుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కార్డు మీది తేదీని ఈ రోజే చూసుకోవాలి.

ఉద్యోగాల లెక్క వేరే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అదే సొంత జిల్లా. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్, నారాయణపేటలతో కలిసి జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. చిన్న తరగతుల స్టడీ సర్టిఫికెట్‌ను ఎవరూ పట్టించుకోరు; పాతికేళ్ల వయసులో నోటిఫికేషన్ పడ్డాక దానికోసం ఊరూరా తిరుగుతారు. అప్పటికి ఆ ప్రైవేటు బడి మూతపడి ఉంటుంది, రిజిస్టర్లు మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో వెతకాల్సి వస్తుంది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం అటూఇటూ అయినా మళ్లీ మొదటికే. ఏ తరగతి ఏ ఏడాది చదివారో, అడ్మిషన్ నంబర్ ఎంతో, పక్కాగా రాయించుకుని సంతకం, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలని టీచరమ్మ పట్టుదల.

ఇంత ఆరాటం ఎందుకంటే, మెడికల్ సీట్లు ఈ నేలకు ఆలస్యంగా వచ్చాయి. 2011 జనగణన అంకెలను ఇప్పటి జిల్లా హద్దులకు సర్దిచూస్తే గద్వాలలో అక్షరాస్యత యాభై శాతం లోపే. మూటాముల్లె సర్దుకుని పాలమూరు కూలీలు బొంబాయి, పుణె బాట పట్టిన ఏళ్లెన్నో. అలాంటి చోట 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ, 2024లో గద్వాలకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. చదువుమీద ఈ నేలకున్న మమకారం మాత్రం పాతదే. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. వనపర్తి రాజావారి ప్యాలెస్ 1959లో పాలిటెక్నిక్ అయింది. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు సొంతూరైన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు బదులుగా 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయనే 1952లో వనపర్తి ఎమ్మెల్యే. నాగర్‌కర్నూల్‌లో కపిలవాయి లింగమూర్తి ఊరూరూ తిరిగి పాలమూరు గుళ్ల చరిత్ర రాశారు. ప్రవాసంలో సంచిక వేసే మనవాళ్లు ఆ వరుసలోవారేనని టీచరమ్మ గర్వం.

తిరిగొచ్చే పిల్లలు తడబడేది లెక్కల్లో కాదు, తెలుగులో. 2018 చట్టంతో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. తొమ్మిదో తరగతిలో దిగిన పిల్లకు గుణింతాల నుంచి మొదలుపెట్టే తీరిక ఉండదు. అందుకే ఆమె అక్కడి తల్లులను బతిమాలుతున్నారు: ఆదివారం ఫోన్‌లో అవ్వతో పిల్లే మాట్లాడాలి, పక్కనుంచి అమ్మ అందించకూడదు. "ఏం జేస్తున్నవ్ బిడ్డా" అంటే ఇంగ్లీషులో కాకుండా పాలమూరు యాసలోనే జవాబు రావాలి. వారానికొక ఉత్తరం తాతకు తెలుగులో రాయించినా మేలే, తప్పులున్నా ఫరవాలేదు.

సెలవులకు వచ్చేవారు స్టడీ సర్టిఫికెట్ కోసం ఏప్రిల్ చివర, మే నెలల్లో బడికి పోతే తాళమే కనిపిస్తుంది. జూన్ రెండోవారంలో బడులు తెరుస్తారు. మొదటి రెండుమూడు రోజులు అడ్మిషన్ల హడావుడిలో హెడ్మాస్టర్‌కు ఊపిరాడదు, ఆ తర్వాత వెళ్లాలి. పాత టీసీ జిరాక్స్, చదివిన ఏళ్లు రాసిన కాగితం వెంట ఉంటే రిజిస్టర్‌లో పేరు తొందరగా దొరుకుతుంది. బడి మూతపడితే అదే కాగితంతో ఎంఈవో ఆఫీసుకు పోవాలి.