ఓఎస్‌ఎమ్‌లో ఏ ఫార్మేషన్ పెట్టాలి? ముందు మీ టీమ్‌ని లెక్కేసుకోండి

ఆన్‌లైన్ సాకర్ మేనేజర్, అదే మనం ఓఎస్‌ఎమ్ అని పిలుచుకునే గేమ్, ఆడడానికి గేమింగ్ ఫోన్ అక్కర్లేదు. మ్యాచ్ మీ ఫోన్‌లో జరగదు, సర్వర్‌లో జరుగుతుంది. రోజుకి ఒక మ్యాచ్. టైమ్ అయ్యేలోపు మీరు సేవ్ చేసి పెట్టిన సెట్టింగులే లెక్క. కాబట్టి ప్రాసెసర్, రీఫ్రెష్ రేట్ లాంటివి ఇక్కడ మిమ్మల్ని గెలిపించవు. గెలిపించేది ఫార్మేషన్ స్క్రీన్ మీద మీరు పెట్టే పది నిమిషాలు. ఈ మాట నేను ఒక నెల రీఛార్జ్ పోగొట్టుకుని నేర్చుకున్నాను.

మా ఇంట్లోవాళ్లం, ఫ్రెండ్స్ కలిసి ఐదుగురం ఒక లా లీగా లీగ్‌లో ఆడుతున్నాం. నాది గెటాఫే, మా బావది విల్లారియల్. 20 టీమ్‌లు, అంటే 38 రోజులు. ఆఖరి రోజు వచ్చేసరికి నేను రెండు పాయింట్ల ముందున్నాను, ఆఖరి మ్యాచ్ బావతోనే, వాళ్ల గ్రౌండ్‌లో. నాకు డ్రా చాలు. సీజన్ అంతా ఆడిన 4-3-3 అలాగే ఉంచి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే 3-1తో ఓడిపోయాను. బావ మెసేజ్ ఒకటే: "బామ్మర్దీ, డ్రా చాలినోడివి ముగ్గురు ఫార్వర్డ్‌లతో వచ్చావేంట్రా?"

సిగ్గేసింది కానీ, ఆ ప్రశ్నతో కూర్చుని నా టీమ్‌ని మొదటిసారి సరిగ్గా చూశాను.

ఓఎస్‌ఎమ్‌లో ప్రతి ప్లేయర్‌కీ అటాక్, డిఫెన్స్, ఓవరాల్ అని మూడు నంబర్లు ఉంటాయి. అటాకర్‌కి అటాక్ నంబర్, డిఫెండర్‌కీ గోల్‌కీపర్‌కీ డిఫెన్స్ నంబర్, మిడ్‌ఫీల్డర్‌కి ఓవరాల్ చూడాలి. నా టీమ్‌లో అటాకర్లు 83, 80, 70. మిడ్‌ఫీల్డర్లు 82, 81, 80, 79, ఐదోవాడు 68. డిఫెండర్లు 78, 77, 76, 75, 74. ఇప్పుడు చూడండి. 4-3-3 పెడితే 70 ఉన్న అటాకర్ గ్రౌండ్‌లో ఉంటాడు, 79 ఉన్న మిడ్‌ఫీల్డర్ బెంచ్ మీద కూర్చుంటాడు. 38 రోజులు నేను చేసింది అదే! 4-4-2కి మారితే 70 బయటికి, 79 లోపలికి. తొమ్మిది పాయింట్ల లాభం, ఒక్క బాస్ కాయిన్ ఖర్చు లేకుండా.

అలాగని మిడ్‌ఫీల్డ్ పెంచుకుంటూ పోతే మంచిదని కాదు. అదే టీమ్‌తో 4-5-1 పెడితే 80 ఉన్న అటాకర్ బెంచ్ మీదకి పోతాడు, 68 వాడు లోపలికొస్తాడు. పన్నెండు పాయింట్లు చేజేతులా వదులుకున్నట్టే. 5-3-2 అయితే 79కి బదులు 74. అయిదు నష్టం, కానీ వెనక ఒక మనిషి ఎక్కువ. బావతో ఆ రోజు నాకు కావాల్సింది అదే.

కాబట్టి కొత్త సీజన్ మొదలవగానే ఫోన్‌లో నోట్స్ యాప్ తెరిచి, ఒక్కో లైన్‌లో ప్లేయర్ల నంబర్లు పెద్ద నుంచి చిన్నకి రాయండి. ఏ లైన్‌లో నంబర్ ఒక్కసారిగా పడిపోతుందో అక్కడ గీత గీయండి. గీతకి పైన ఉన్నవాళ్లే మీ ఫార్మేషన్. యూట్యూబ్‌లో "100% గెలిపించే టాక్టిక్" అని వచ్చే వీడియోలు నేనూ చాలా చూశాను. ఆ చేసినతని టీమ్ వేరు, మీ టీమ్ వేరు. అతను చెప్పిన 4-3-3 బి మీ మూడో అటాకర్‌ని బాగుచేయదు. (ఎ, బి అంటే అదే ఫార్మేషన్‌లో మనుషులు నిలబడే చోటు కొంచెం మారుతుంది. స్క్రీన్ మీద రెండూ మార్చి చూస్తే తెలిసిపోతుంది.)

ఇక్కడ ఒక హైదరాబాద్ ముచ్చట. మన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ కోచ్‌గా ఉన్నప్పుడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలింది. అతన్ని కూర్చోబెట్టకుండా సెమీఫైనల్‌లో, ఫైనల్‌లో ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ రెండింటిలోనూ గోల్ కొట్టాడు, ఫైనల్‌లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి గోల్డ్ తెచ్చుకున్నాం. ఇది చదివి ఉత్సాహంగా ఓఎస్‌ఎమ్‌లో డిఫెండర్‌ని ముందుకు తోయకండి. గేమ్ అతని అటాక్ నంబర్ చూస్తుంది, అది మామూలుగా చాలా తక్కువ ఉంటుంది. రహీమ్ సాబ్‌కి కనిపించింది సర్వర్‌కి కనిపించదు.

సొంత టీమ్ లెక్క అయ్యాక అవతలివాడి సంగతి. టీమ్ బలం మీకంటే బాగా తక్కువైతే 4-3-3, 3-4-3 లాంటివి ధైర్యంగా వాడొచ్చు. దాదాపు సమానమైతే నేను 4-4-2 దాటి వెళ్లను. ఎదుటి టీమ్ చాలా బలమైనదైతే 5-3-2 గానీ 5-4-1 గానీ. 6-3-1 కూడా ఉంది, కానీ ఒక్క అటాకర్‌తో గోల్ కోసం ఎదురుచూడడం నాకు నచ్చదు. పూర్తిగా ఓడిపోతాం అనుకున్న మ్యాచ్‌లకే అది. సొంత గ్రౌండ్ అయితే ఒక మెట్టు ధైర్యం ఎక్కువ, బయట అయితే ఒక మెట్టు తక్కువ అనుకోండి.

ముఖ్యమైన మ్యాచ్‌కి ముందు స్పైని పంపి అవతలివాళ్లు ఏం వాడుతున్నారో చూడొచ్చు. బావ పంపాడట. నేను పంపలేదు. అయితే రిపోర్ట్ వచ్చాక కూడా వాళ్లు మార్చుకోవచ్చు, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

ఇప్పుడు చాలామంది తప్పు చేసే చోటు. ఫార్మేషన్ మార్చి గేమ్ ప్లాన్ మార్చడం మర్చిపోతారు. 5-3-2 పెట్టి వింగ్ ప్లే ఉంచితే వింగ్‌లో ఎవరున్నారని? ఐదుగురు డిఫెండర్లతో ఆడేటప్పుడు కౌంటర్ అటాక్ పెట్టండి. వింగ్ ప్లే ముగ్గురు ఫార్వర్డ్‌లున్న 4-3-3కి, పాసింగ్ గేమ్ మిడ్‌ఫీల్డ్ గట్టిగా ఉన్నప్పుడు. ఇవి నేను ఆడి చూసి అలవాటు చేసుకున్నవి, గేమ్ రాసిచ్చిన రూల్ కాదు.

లైన్ టాక్టిక్స్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. వెనక ఐదుగురిని పెట్టుకుని మిడ్‌ఫీల్డర్లని ముందుకు పొమ్మంటే మధ్యలో ఖాళీ వస్తుంది. నేనైతే కౌంటర్ అటాక్‌కి మిడ్‌ఫీల్డర్లని డిఫెన్స్‌కి కాపలా ఉంచి, అటాకర్లని అటాక్ మాత్రమే చేయమంటాను. ప్రెషర్, స్టైల్, టెంపో స్లైడర్ల గురించి ఎక్కువ చెప్పను. జాగ్రత్తగా ఆడే ఫార్మేషన్‌కి స్టైల్ సగం కంటే కింద, దూకుడు ఫార్మేషన్‌కి పైన. మిగతాది మ్యాచ్ మ్యాచ్‌కి అయిదో పదో జరిపి చూసుకోవడమే. ట్యాక్లింగ్ మాత్రం రిఫరీ రంగు చూడకుండా ముట్టుకోవద్దు. ఆకుపచ్చ అయితే మెత్తని మనిషి, కాస్త గట్టిగా ఆడొచ్చు. ఎరుపు అయితే జాగ్రత్తగా ఆడించండి. రెడ్ కార్డ్ పడి పదిమంది మిగిలితే ఎంత మంచి ఫార్మేషనైనా విరిగిపోతుంది.

ఇంకోటి, ఓడిన ప్రతిసారీ ఫార్మేషన్ మార్చేయకండి. మ్యాచ్‌లో అదృష్టం కూడా ఉంటుంది. ఒకే సెట్టింగ్‌తో నాలుగైదు మ్యాచ్‌లు ఆడితేగానీ అది పనిచేస్తోందో లేదో తెలియదు. నేను ఇప్పుడు స్కోరు పక్కనే ఫార్మేషన్, షాట్లు ఎన్ని కొట్టాం, ఎన్ని తిన్నాం అని రాసుకుంటున్నాను. షాట్లు ఎక్కువ కొట్టి ఓడితే ఏమీ మార్చను. తక్కువ కొట్టి గెలిస్తే అప్పుడు ఆలోచిస్తాను.

ఈ సీజన్ మళ్లీ అదే గెటాఫే తీసుకున్నాను. మొదటి సగం అంతా 4-4-2. గత వారం విల్లారియల్ గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు 5-3-2, కౌంటర్ అటాక్. 0-0. చూడడానికి చప్పటి మ్యాచ్, పైగా షాట్లు ఎక్కువ బావే కొట్టాడు. రెండో మ్యాచ్ మా గ్రౌండ్‌లో, వచ్చే నెల. మూడో అటాకర్‌ని ట్రైనింగ్‌లో పెట్టాను, ఇప్పటికి 73కి వచ్చాడు. ఇంకా బెంచ్ మీదే.