ఫాంటసీ గేమ్ మనల్ని ఎలా ఏడిపిస్తుంది? ‘బ్రదర్స్’లో ఒక్క బటన్ చేసిన పని

ముందే చెప్తున్నా, ఈ ఆర్టికల్ నిండా స్పాయిలర్లే. ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’, ‘ఫైనల్ ఫాంటసీ 7’, ‘గెన్‌షిన్ ఇంపాక్ట్’లో త్సురుమి దీవి కథ... ఈ మూడింట్లో ఏదైనా ఆడే ప్లాన్ ఉంటే పేజీని బుక్‌మార్క్ చేసి పెట్టుకుని, ఆడాక రండి. ‘బ్రదర్స్’ అయితే మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది, రాత్రికల్లా తిరిగి రావచ్చు.

ఇక విషయానికొద్దాం. సినిమాలో హీరో చనిపోతే ఏడుస్తాం, అందులో వింత లేదు. కానీ గేమ్‌లో మనమే రోజుకి యాభై సార్లు చస్తాం. బీజీఎంఐలో హెడ్‌షాట్ పడుతుంది, లాబీకి వస్తాం, మళ్లీ స్టార్ట్ నొక్కుతాం. చావుకి విలువే లేని చోట ఏదో ఒక్క చావు మాత్రం నెలల తరబడి ఎందుకు గుర్తుంటుంది? కథ బాగుంది కాబట్టి అంటే సరిపోదు. అదే కథని యూట్యూబ్‌లో చూసినవాళ్లకి అంత బాధ కలగదు. నేను చదివింది బీటెక్, చేసేది సాఫ్ట్‌వేర్ పని. అందుకే ఆ ఏడుపు వెనకాల ఉన్న లాజిక్ ఏంటో విప్పి చూద్దామనిపించింది.

ఎడమ చెయ్యి అన్న, కుడి చెయ్యి తమ్ముడు

‘బ్రదర్స్’ 2013లో వచ్చింది. చేసింది స్వీడన్‌లోని స్టార్‌బ్రీజ్ స్టూడియోస్. డైరెక్టర్ జోసెఫ్ ఫారెస్ లెబనాన్‌లో పుట్టి, చిన్నప్పుడే స్వీడన్ చేరినవాడు. గేముల్లోకి రాకముందు సినిమాలు తీసేవాడు. 2014లో ఈ గేమ్‌కి బాఫ్టా గేమ్ ఇన్నొవేషన్ అవార్డు వచ్చింది. అవార్డు కేటగిరీ పేరు గుర్తుపెట్టుకోండి: కథకి కాదు, కొత్త పద్ధతికి.

కథ సింపుల్. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది. తమ్ముడి కళ్ల ముందే జరిగింది, అప్పట్నుంచి వాడికి నీళ్లంటే భయం. ఇప్పుడు తండ్రికి జబ్బు చేసింది. ఆయన్ని బతికించే నీళ్లు ఎక్కడో దూరాన జీవవృక్షం దగ్గరున్నాయి. అన్నదమ్ములిద్దరూ బయల్దేరతారు. దారిలో ట్రోల్స్, పంజరంలో గ్రిఫిన్, యుద్ధంలో చచ్చిపడి ఉన్న రాక్షసాకారులు. మన పేదరాశి పెద్దమ్మ కథల్లాంటి లోకమే.

అసలు సంగతి కంట్రోల్స్‌లో ఉంది. ఎడమ స్టిక్ అన్నని నడిపిస్తుంది, కుడి స్టిక్ తమ్ముణ్ని. ఏదైనా పట్టుకోవాలన్నా, లాగాలన్నా, మాట్లాడాలన్నా అన్నకి ఎడమ ట్రిగ్గర్, తమ్ముడికి కుడి ట్రిగ్గర్. ఇద్దర్నీ ఒకే మనిషి ఒకేసారి ఆడాలి. మొదటి పది నిమిషాలు నరకం. ఎడమవాడు కుడికి, కుడివాడు ఎడమకి వెళ్తే మన బుర్ర గిర్రున తిరుగుతుంది. తర్వాత మెల్లగా అలవాటైపోతుంది. గంట గడిచేసరికి ఎడమ చెయ్యంటే అన్న, కుడి చెయ్యంటే తమ్ముడు. ఈ లెక్క బుర్రలోంచి వేళ్లలోకి దిగిపోతుంది.

ఇద్దరికీ తేడా కూడా వేళ్లతోనే తెలుస్తుంది. ఒకే మనిషి దగ్గర అన్న బటన్ నొక్కితే మర్యాదగా దారి అడుగుతాడు. తమ్ముడి బటన్ నొక్కితే చిలిపి పని చేస్తాడు. బావి దగ్గర తమ్ముడి బటన్ నొక్కి చూడండి, అందులో ఉమ్మేస్తాడు. నీళ్లు అడ్డమొస్తే తమ్ముడు అన్న వీపెక్కుతాడు, అన్న ఈదుతాడు. పెద్ద మరలు తిప్పాలంటే అన్న బలమే కావాలి. తమ్ముడికి ఏది చేతకాదో మనకి ఎవరూ చెప్పరు. ఆడుతూ మనమే నేర్చుకుంటాం.

సగం కంట్రోలర్ చచ్చిపోతుంది

చెట్టు దాకా చేరేసరికి అన్నకి పొడిచిన గాయం ఉంటుంది. తమ్ముడొక్కడే చెట్టెక్కి నీళ్లు తెచ్చేలోపు అన్న ప్రాణం పోతుంది. తర్వాత చాలా గేములైతే వీడియో వేసేస్తాయి. ఇక్కడ అలా కాదు. తమ్ముడు అన్న శవాన్ని గుంట దాకా ఈడ్చాలి, మట్టి కప్పాలి. ఆ బటన్ నొక్కేది మనం. నొక్కకపోతే గేమ్ ముందుకెళ్లదు. ఎంతసేపైనా అలా చూస్తూ కూర్చోవచ్చు, గేమ్ తొందరపెట్టదు.

ఆ తర్వాత ఇంటికి ప్రయాణం. ఇప్పుడు ఎడమ స్టిక్ కదిపితే ఏమీ జరగదు. ఎడమ ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగదు. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే ఆ ఇన్‌పుట్‌ని వినే ఆబ్జెక్ట్ ఇక లేదు. మామూలుగా అయితే దాన్ని బగ్ అంటాం. ఇక్కడ అదే దుఃఖం. మూడు గంటలు పని చేసిన ఎడమ చెయ్యి ఒళ్లో ఖాళీగా పడి ఉంటుంది. ఇంట్లో మనిషి పోయాక ఆ కుర్చీ ఖాళీగా కనిపించినట్టు.

చివర్లో వర్షం, నది. వీపెక్కించుకునే అన్న లేడు. తమ్ముడి బటన్ నొక్కితే వాడు నీళ్లలోకి దిగడు, వెనక్కి జంకుతాడు. మళ్లీ నొక్కినా అంతే. ఎలా దాటాలో స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా రాదు. అప్పుడు ఎందుకో ఎడమ వేలు తనంతట తానే కదులుతుంది. అన్న ట్రిగ్గర్ నొక్కుతాం. తమ్ముడు ఈదుతాడు.

కోడ్‌లో చూస్తే ఇది చాలా చిన్న మార్పు. ఒక బటన్ ఒక క్యారెక్టర్‌కి కట్టి ఉంది, దాన్ని ఇంకో క్యారెక్టర్‌కి కట్టారు. అంతే. కానీ మనకి అందే అర్థం వేరు: అన్న బలం తమ్ముడిలో ఉండిపోయింది. ఆ ముక్క డైలాగ్‌లో చెప్తే పాత సినిమా డైలాగ్‌లా ఉండేది. వేలితో చెప్పారు కాబట్టే తగిలింది. వీడియో చూసినవాళ్లకి ఇది అందకపోవడానికి కారణం కూడా ఇదే. వాళ్ల ఎడమ చెయ్యి మూడు గంటలు అన్నని మోయలేదు కదా.

కుల్కచర్లలో ఒక టెస్ట్

దసరా సెలవులకి ఊరికెళ్లినప్పుడు మా చిన్నాయన కొడుకుతో ఈ గేమ్ ఆడించా. కుల్కచర్లలో మా ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీ కలిపి. వాడు ఆరో తరగతి. వాళ్ల నాన్న ఫోన్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి ఆడుతూనే ఉంటాడు కానీ, కథ వస్తే చాలు స్కిప్ కొడతాడు. ఎందుకురా అంటే “ఇంగ్లిష్‌ల ఉంటది గదన్నా, ఎవడు చదువుతడు” అంటాడు.

‘బ్రదర్స్’లో స్కిప్ కొట్టాల్సిన అవసరమే రాలేదు. ఎందుకంటే ఇందులో క్యారెక్టర్లు మాట్లాడేది ప్రపంచంలో ఎక్కడా లేని భాష. గేమ్ కోసం కల్పించింది. సబ్‌టైటిల్స్ కూడా ఉండవు. గొంతు, చేతులు, మొహం చూసి అర్థం చేసుకోవాలి. స్టాక్‌హోమ్‌లో పిల్లాడికి ఎంత అర్థమవుతుందో కుల్కచర్లలో పిల్లాడికీ అంతే.

నది దగ్గర వాడు చాలాసేపు కుడి బటనే నొక్కాడు. నేనేం చెప్పలేదు. కాసేపటికి ఎడమది నొక్కాడు. తమ్ముడు నీళ్లలోకి దిగాడు. వీడు టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు: “పెద్దోడు సచ్చిపోయిండు గదన్నా, మరి గీ బటన్ ఎట్ల పనిచేస్తుంది?”

జవాబు నా దగ్గర ఉంది, పైన రాసిందే. కానీ చెప్పలేదు. వాడు మాత్రం ఒడ్డు చేరేదాకా ఆ వేలు తియ్యలేదు.

పార్టీలో ఖాళీ అయిన చోటు

ఇదే లాజిక్ ఇంకో రకంగా పని చేసిన గేమ్ ‘ఫైనల్ ఫాంటసీ 7’. 1997లో ప్లేస్టేషన్‌కి వచ్చింది, ఒరిజినల్ వెర్షన్ ఇప్పుడు ఫోన్లలో కూడా దొరుకుతుంది. అందులో ఏరిత్ అనే అమ్మాయి మన టీమ్‌లో వైద్యం చేసే మనిషి. గంటల కొద్దీ ఆడి ఆమె లెవెల్ పెంచుతాం, ఆయుధాలు కొంటాం. ఓపిక ఉన్నవాళ్లు ఆమె చివరి లిమిట్ బ్రేక్ ‘గ్రేట్ గాస్పెల్’ కూడా ముందే సంపాదిస్తారు. మొదటి డిస్క్ చివర్లో సెఫిరోత్ ఆమెని కత్తితో పొడిచేస్తాడు.

ఆ గేమ్‌లో పడిపోయిన మనిషిని లేపే ఫీనిక్స్ డౌన్ అనే వస్తువు ఉంటుంది. అప్పటికి మన బ్యాగులో బోలెడు ఉంటాయి. ఇక్కడ ఒక్కటీ పని చెయ్యదు. వెంటనే బాస్ ఫైట్ మొదలవుతుంది, కానీ ఫైట్ మ్యూజిక్ రాదు. ఏరిత్ పాట ట్యూనే సాగుతుంటుంది. ఆ ట్యూన్ వింటూనే కొట్టుకోవాలి. ఫైట్ అయ్యాక టీమ్ సెలెక్ట్ చేసే మెనూ తెరిస్తే ఆమె పేరుండదు. అన్ని గంటల కష్టం ఎక్కడికి పోయిందో అడగడానికి ఎవరూ ఉండరు. ‘బ్రదర్స్’ మన చేతిని ఖాళీ చేస్తే, ఇది మన లిస్ట్‌ని ఖాళీ చేసింది.

పొగమంచులో పిల్లాడు, అర్థం కాని అక్షరాలు

మూడోది మనలో ఎక్కువమంది ఫోన్‌లో ఉండే గేమ్, ‘గెన్‌షిన్ ఇంపాక్ట్’. 2021 అక్టోబర్‌లో 2.2 అప్‌డేట్‌తో త్సురుమి అనే దీవి వచ్చింది. దీవంతా పొగమంచు. అక్కడ రూ అనే పిల్లాడు కలుస్తాడు. వాడి పాట విని ఒక పిడుగుపక్షి స్నేహం చేసింది, మళ్లీ వచ్చి వింటానని మాటిచ్చింది. దీవి జనం ఆ పక్షిని దేవతగా కొలిచేవాళ్లు. దాన్ని మెప్పించాలని, ఆ పిల్లాణ్నే బలిచ్చారు. తిరిగొచ్చి అది చూసిన పక్షి కోపంతో దీవినంతా నాశనం చేసింది. మనం మాట్లాడుతున్న రూ ఎప్పుడో చనిపోయాడు. ఆ సంగతి వాడికే తెలీదు.

ఈ కథ ఒక్క రోజులో అవ్వదు. ఒక భాగం అయ్యాక సర్వర్ రీసెట్ అయ్యేదాకా, అంటే నిజంగానే రేపటిదాకా ఆగాలి. రోజూ వెళ్లి పలకరిస్తే పక్కింటి పిల్లాడిలా దగ్గరవుతాడు. ఇక్కడ ఆయుధం బటన్ కాదు, రోజులు.

కానీ ఈ కథంతా అక్షరాల్లో ఉంది. గెన్‌షిన్ టెక్స్ట్‌కి పదికి పైగా భాషలున్నాయి, అందులో భారతీయ భాష ఒక్కటీ లేదు. మా చిన్నాయన కొడుకులాంటి వాళ్లకి త్సురుమి అంటే పొగమంచు, శత్రువులు, పెట్టెలు. అంతే. పిల్లాడు ఎందుకు చచ్చాడో తెలియకుండానే లూట్ తీసుకుని వెళ్లిపోతారు.

తెలుగు పెట్టడం అంత కష్టమా? సరిగ్గా కట్టిన గేమ్‌లో డైలాగులు కోడ్‌లో ఉండవు, విడిగా టేబుల్‌లో ఉంటాయి. ప్రతి లైన్‌కి ఒక నంబర్, భాషకొక కాలమ్. కొత్త భాష అంటే ఇంకో కాలమ్. కాకపోతే తెలుగుకి ఇంకో మెలిక ఉంది. అక్షరాన్ని పక్కపక్కనే పేర్చే టెక్స్ట్ సిస్టమ్‌లో మన ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి. వాటిని కలిపి గీసే పద్ధతి ఇంజిన్‌లో ఉండాలి. ఫోన్లో వాట్సాప్‌లో తెలుగు చక్కగా కనిపిస్తోందంటే ఆ పని ఎప్పుడో జరిగిపోయిందనే కదా. అంటే సమస్య టెక్నాలజీది కాదు, అనువాదం మీద ఖర్చు పెట్టాలనే లెక్కది.

మన దగ్గర మొదలైంది

2020లో పుణేకి చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ ‘రాజి: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ తెచ్చింది. రాఖీ పండుగ రోజు తమ్ముడు గోలుని రాక్షసులు ఎత్తుకుపోతే, అక్క రాజి వెతుక్కుంటూ వెళ్లే కథ. కథ చెప్పే సీన్లు తోలుబొమ్మలాటలా నీడబొమ్మలతో నడుస్తాయి. నిమ్మలకుంట బొమ్మలు చూసినవాళ్లకి ఎక్కడో పరిచయమున్నట్టే ఉంటుంది. 2017లో ఈ టీమ్ కిక్‌స్టార్టర్‌లో డబ్బు అడిగితే అనుకున్నంత రాలేదు. అయినా గేమ్ పూర్తి చేశారు. తర్వాత వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో హిందీ వాయిస్ కూడా ఇచ్చారు. ఒక అక్క బాధని మనకి దగ్గరి భాషలో వినడం ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. తెలుగు వంతు ఇంకా రావాలి.

ఆడేముందు

‘బ్రదర్స్’ పాత వెర్షన్ తక్కువ స్పెక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. 2024లో రీమేక్ వచ్చింది, గ్రాఫిక్స్ చాలా మెరుగు, కానీ గ్రాఫిక్స్ కార్డ్ గట్టిది కావాలి. రీమేక్‌లో ఇద్దరు కలిసి ఆడే ఆప్షన్ ఉంది. మొదటిసారి మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. చెరొకరిని ఆడితే నది దగ్గర జరగాల్సింది జరగదు. మొబైల్ వెర్షన్ కూడా వచ్చింది కానీ, ఈ గేమ్‌కి నిజమైన ట్రిగ్గర్ల ఫీల్ కావాలి. ఖరీదైన కంట్రోలర్ అక్కర్లేదు, రెండు స్టిక్‌లు, రెండు ట్రిగ్గర్లు సరిగ్గా పని చేస్తే చాలు.

నది వచ్చినప్పుడు దారి తెలీక యూట్యూబ్ తెరవాలనిపిస్తుంది. తెరవొద్దు. జవాబు మీ ఎడమ చేతిలో ఉంది.