రెటీనా అంచుల దాకా లేజర్ చూపు: చూపు తగ్గకముందే వ్యాధిని పట్టే పరీక్ష

సారం (పుదుచ్చేరి): చూపు మసకబారిన తరువాతే కంటి వైద్యుని వద్దకు వెళ్లడం చాలామందికి అలవాటు. కానీ రెటీనాకు సోకే వ్యాధుల్లో అనేకం నొప్పి లేకుండా, చూపులో ఏ మార్పూ కనిపించకుండానే ముదురుతాయి. అటువంటి వ్యాధులను ముందుగా పసిగట్టేందుకు నేత్ర వైద్యులు ఉపయోగిస్తున్న సాధనాల్లో విశాల క్షేత్ర లేజర్ చిత్రీకరణ ఒకటి. కంటి లోపలి పొరను దాదాపు అంచుల వరకు ఒకే చిత్రంలో చూపగలగడం దీని ప్రత్యేకత.

పుదుచ్చేరికి ఎందుకు ముఖ్యం

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన జాతీయ మధుమేహ అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని అది అంచనా వేసింది. జాతీయ సగటు 11.4 శాతం కాగా, పుదుచ్చేరిలో అది 26.3 శాతం. 26.4 శాతంతో గోవా మాత్రమే దీనికన్నా ముందుంది. మధుమేహం ఏళ్ల తరబడి అదుపు తప్పితే రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని డయాబెటిక్ రెటినోపతి ఏర్పడుతుంది. అందువల్ల సారం వంటి పట్టణ ప్రాంతాల వారికైనా, ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై గోదావరి తీరాన ఉన్న తెలుగు పట్టణం యానాం వాసులకైనా కంటి పరీక్ష వాయిదా వేయదగినది కాదు.

దేశంలో 40 ఏళ్లు, ఆపైబడిన మధుమేహుల్లో 12.5 శాతం మందికి రెటినోపతి ఉందని, 4 శాతం మందికి అది చూపునే హరించే దశకు చేరిందని 2022లో ప్రచురితమైన మరో అధ్యయనం తెలిపింది.

అంచుల్లో దాగే ముప్పు

రెటీనా మధ్యభాగమైన మాక్యులాతోనే మనిషి చదువుతాడు, ముఖాలను గుర్తిస్తాడు. అంచుల్లో చిన్న చిరుగు పడినా, రక్తప్రసరణ నిలిచినా ఆ పనులకు వెంటనే ఆటంకం కలగదు. అందుకే రోగికి అనుమానం రాదు. సాధారణ ఫండస్ కెమెరా ఒక్కో చిత్రంలో 30 నుంచి 50 డిగ్రీల మేర మాత్రమే చూపుతుంది. డయాబెటిక్ రెటినోపతి పరిశోధనల్లో చిరకాలంగా ప్రామాణికంగా ఉన్న 7 చిత్రాల పద్ధతిలో సైతం రెటీనాలో సుమారు మూడో వంతే నమోదవుతుంది.

ఒక తండ్రి ఆవేదన నుంచి

ఈ లోటును తీర్చే ప్రయత్నం స్కాట్లాండ్‌లో మొదలైంది. డగ్లస్ ఆండర్సన్ అనే డిజైనర్ కుమారునికి 5 ఏళ్ల వయసులో ఒక కంటి రెటీనా ఊడిపోయింది. ఆలస్యంగా గుర్తించినందున ఆ కంటి చూపు దక్కలేదు. పిల్లలు సైతం ఇబ్బంది పడకుండా చేయించుకోగల పరీక్ష కావాలన్న సంకల్పంతో ఆయన 1992లో ఆప్టోస్ సంస్థను స్థాపించారు. 2015లో జపాన్‌కు చెందిన నికాన్ దానిని సొంతం చేసుకుంది.

పనిచేసే తీరు

లేజర్ కిరణంతో రెటీనాను బిందువు వెంట బిందువుగా చదివే పద్ధతి 1980 నాటికే అమెరికాలో రూపుదిద్దుకుంది. ఆండర్సన్ యంత్రం దానికి దీర్ఘవృత్తాకార దర్పణాన్ని జోడించింది. అటువంటి దర్పణానికి రెండు నాభులు ఉంటాయి. ఒక నాభి నుంచి బయలుదేరిన కిరణం దర్పణాన్ని ఎక్కడ తాకినా రెండో నాభి గుండానే సాగుతుంది. రోగి కంటిపాపను ఆ రెండో నాభి వద్ద ఉంచుతారు. దాంతో కిరణాలు ఇరుకైన కంటిపాప గుండా దూరి, లోపల విశాలంగా విస్తరిస్తాయి.

ఫలితంగా 200 డిగ్రీల మేర, అంటే రెటీనాలో సుమారు 82 శాతం ఒకే చిత్రంలో నమోదవుతుంది. ఈ కోణాన్ని కనుగుడ్డు కేంద్రం నుంచి లెక్కిస్తారు. సాధారణ కెమెరాల కోణాన్ని కంటిపాప వద్ద లెక్కించడం వాడుక కనుక రెండు అంకెలను నేరుగా పోల్చరాదు. చిత్రీకరణకు అర సెకను కూడా పట్టదు. చాలామందికి కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు లేకుండానే చిత్రం తీయవచ్చు.

532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి రెటీనా పొరలను, రక్తనాళాలను చూపుతుంది. సుమారు 635 నానోమీటర్ల ఎర్ర కాంతి మరింత లోతుకు వెళ్లి కోరాయిడ్ పొర వివరాలను అందిస్తుంది. చికిత్సకు వాడే లేజర్ కణజాలాన్ని కాల్చుతుంది. చిత్రీకరణలోని కాంతి మాత్రం సురక్షిత పరిమితులకు లోబడిన అతి తక్కువ శక్తి గలది.

వైద్యులకు ఏమి తెలుస్తుంది

రెటీనా చిరుగులు, అది ఊడిపోవడం, రక్తనాళాలు మూసుకుపోవడం, కణుతులు, రెటీనా వాపు వంటివి ఈ చిత్రాల్లో బయటపడతాయి. చేతి నరంలోకి ఫ్లోరెసిన్ రంగును ఎక్కించి చిత్రాలు తీస్తే, రక్తం అందని అంచు భాగాలు స్పష్టమవుతాయి. అంచుల్లో గాయాలు ఎక్కువగా ఉన్న మధుమేహులకు వ్యాధి ముదిరే ముప్పు అధికమని 2015 నాటి ఒక అధ్యయనం సూచించింది. 2022లో వెలువడిన మరింత విస్తృత పరిశోధనలో రంగు ఎక్కించి తీసిన చిత్రాల్లోనే ఆ సంబంధం నిలిచింది, మామూలు చిత్రాల్లో నిలవలేదు.

పరిమితులూ ఉన్నాయి

ఈ చిత్రాల్లోని వర్ణాలు రెండు లేజర్ల కలయికతో ఏర్పడినవే కాని సహజమైనవి కావు. కనురెప్పల వెంట్రుకలు పై, కింది భాగాలను కప్పివేయవచ్చు. గుండ్రని పొరను చదునుగా పరచడం వల్ల అంచులు సాగినట్లు కనిపిస్తాయి. శుక్లం ముదిరితే చిత్రం మసకబారుతుంది. యంత్రం ఖరీదైనది కావడంతో చిన్న ఆసుపత్రులకు అందుబాటు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా, చుక్కల మందు వేసి వైద్యుడు స్వయంగా చేసే పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు. చిరుగు ఉందన్న అనుమానం కలిగితే ఆ పరీక్ష తప్పనిసరి.

ఎవరు, ఎప్పుడు

టైప్-2 మధుమేహం ఉన్నవారు వ్యాధి నిర్ధారణ అయిన వెంటనే, టైప్-1 ఉన్నవారు 5 ఏళ్ల లోపు రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఆపై సాధారణంగా ఏడాదికోసారి అవసరం. అధిక హ్రస్వదృష్టి ఉన్నవారు, కంటికి దెబ్బ తగిలినవారు, కుటుంబంలో రెటీనా ఊడిన చరిత్ర గలవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కంటి ముందు హఠాత్తుగా నల్లని చుక్కలు తేలియాడినా, మెరుపులు కనిపించినా, తెర కమ్మినట్లున్నా అదే రోజు వైద్యుని సంప్రదించాలి.

పుదుచ్చేరిలో జిప్మర్, 2003 నుంచి సేవలందిస్తున్న అరవింద్ కంటి ఆసుపత్రి, హైదరాబాద్‌లో 1987లో స్థాపితమైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి కేంద్రాల్లో రెటీనా వైద్యం లభిస్తోంది. విశాల క్షేత్ర యంత్రం అందుబాటులో లేనిచోట సాధారణ పరీక్షనైనా చేయించుకోవాలి. దెబ్బతిన్న రెటీనాకు పోయిన చూపును తిరిగి తేవడం కష్టం. ఉన్న చూపును కాపాడుకోవడం మాత్రం చాలా సందర్భాల్లో సకాలంలో జరిగే పరీక్షపైనే ఆధారపడి ఉంటుంది.