పసిబిడ్డ గుడ్డలు: నీళ్ళు, సబ్బు, ఎండ

పసిబిడ్డకు ఒకసారి కట్టిన గుడ్డ మళ్ళీ కట్టడానికి పనికి రావాలంటే మూడు జరగాలి. దొడ్డి, ఉచ్చ పోగుల్లోంచి పూర్తిగా వదలాలి. వాటిని వదిలించడానికి వేసిన సబ్బు కూడా వదలాలి. గుడ్డ లోపలి మడత దాకా ఆరాలి. మొదటి పని ఎవరూ మరిచిపోరు. తెలియకుండా తప్పిపోయేది రెండోది. మరక పోయి తెల్లగా మెరిసే గుడ్డలో కూడా సబ్బు మిగిలి ఉండొచ్చు. అది బిడ్డ ఒంటిని ఒరిపిస్తుంది, గుడ్డ తడి పీల్చకుండా చేస్తుంది.

గోదావరి జిల్లాల్లో పొత్తిళ్ళకు, గోచీలకు వాడింది కొత్త గుడ్డ కాదు. అమ్మమ్మ నేత చీర, తాతయ్య పాత పంచె చింపి చతురస్రాలుగా కత్తిరించి, ముక్కోణంగా మడిచి నడుముకు ముడేసేవారు. వందసార్లు ఉతికిన నూలు మెత్తగా ఉంటుంది, నీరు ఇట్టే పీలుస్తుంది, పలచన కాబట్టి తొందరగా ఆరుతుంది. పురిటి గుడ్డలు ఉతికే పని రజక స్త్రీలు చేసేవారు. చౌడు నీళ్ళలో ముంచి, కాగులో ఆవిరి పట్టి ఉబ్బ వేసేవారు. చౌడులోని క్షారం జిడ్డును కరిగిస్తే, ఆవిరి వేడి క్రిములను చంపేది. ఆ చాకిరీకి దక్కిన విలువ తక్కువే గాని, పద్ధతిలో లోపం లేదు.

ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు మూడు రకాలు కలిసి ఉంటాయి. పాత నూలు గుడ్డలు, బజారులో కొన్న లంగోటీలు, బటన్లతో బిగించే గుడ్డ డైపర్లు. ఈ డైపర్ల పై తొడుగుకు లోపలివైపు నీరు చొరని పాలియురెథేన్ పొర అతికి ఉంటుంది. తడి పీల్చే మెత్తను విడిగా దాని లోపలి సంచిలోకి దూర్చాలి, ఉతికేముందు బయటికి తీయాలి. మెత్త నూలుదైతే, వెదురు పోగుదైతే కొన్నాక నాలుగైదుసార్లు ఉతికితేగాని సరిగా పీల్చదు. మైక్రోఫైబర్ మెత్త మొదటి ఉతుకు నుంచే పీలుస్తుంది గాని, బిడ్డ చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి నేరుగా ఒంటికి తగలనివ్వకూడదు.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది నీళ్ళు. ఉదాహరణకు గోదావరి జిల్లాల్లోని రాయవరం గౌతమి పాయకు తూర్పు వైపున, ధవళేశ్వరం నుంచి వచ్చే తూర్పు డెల్టా కాలువల కింద ఉన్న ప్రాంతం. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఇక్కడి ఊళ్ళకు తాగడానికీ ఉతకడానికీ ప్రధానమైన దిక్కు కాలువ నీరే. నది నుంచి వచ్చే ఆ నీళ్ళలో సున్నపు లవణాలు తక్కువ, సబ్బు బాగా నురుగు కడుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్ళే గతి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నచోట సబ్బుబిళ్ళ ఎంత రుద్దినా నురుగు రాదు. ఆ లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారి పోగుపోగుకూ అంటుకుంటాయి. నెల తిరిగేసరికి గుడ్డ బిరుసెక్కుతుంది, ఉచ్చ దాని మీంచి జారిపోతుంది. గుడ్డ పాడైందనుకుంటారు గాని, పాడుచేసింది నీళ్ళూ సబ్బూ కలిసి.

దీనికి తేలిక ఉపాయాలున్నాయి. బోరు నీళ్ళు వాడే రోజుల్లో సబ్బుబిళ్ళ పక్కన పెట్టి సువాసన లేని డిటర్జెంటు పొడి వాడితే తెట్టు అంతగా కట్టదు. నూలు గుడ్డలకైతే ఒక చెంచా చాకలి సోడా కలపవచ్చు. అది కాల్షియాన్ని విడదీసి అడుగుకు దించుతుంది. అయితే సోడా కూడా క్షారమే, గుడ్డలో మిగలకుండా జాడించాలి. కుంకుడుకాయ పులుసులోని నురుగు పదార్థం సబ్బు జాతిది కాదు, అందుకని ఏ నీళ్ళలోనైనా తెట్టు కట్టదు. ఉచ్చ గుడ్డలకు అది చాలు, దొడ్డి మరకలకు దాని బలం చాలదు.

మురికి గుడ్డ తీసిన మొదటి పది నిమిషాల్లో చేసే పనే సగం శుభ్రత. దొడ్డిని మరుగుదొడ్డిలో దులిపి, గుడ్డను చల్లటి నీళ్ళలో జాడించాలి. ముందే వేడినీళ్ళు పోస్తే మాంసకృత్తులు ముద్దగట్టి మరక పోగులోకి దిగుతుంది. ఆ కడిగిన నీళ్ళు కాలువలోకో చెరువులోకో పోకూడదు. పాలు తాగే బిడ్డ దొడ్డిలో ఏముంటుందని తేలిగ్గా తీసుకోవడం తప్పు. నీళ్ళ విరేచనాలు తెచ్చే రోటా వైరస్ వంటివి పసివాళ్ళ మలంలోనే ఎక్కువగా బయటికి వస్తాయి. డెల్టా ఊళ్ళ మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువ నీటితోనే.

జాడించిన గుడ్డలను రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టకూడదు. ఉచ్చలో ఉండే యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొట్టి అమ్మోనియాగా మారుస్తాయి. తెల్లారి బకెట్టు మూత తీయగానే కళ్ళు మండించే వాసన అదే. అమ్మోనియా వల్ల తడి గుడ్డ క్షారగుణానికి మారుతుంది. ఆ స్థితిలో మలంలోని జీర్ణరసాలు చురుకై పసి చర్మాన్ని కొరుకుతాయి. అందుకే కట్టి ఉన్న గుడ్డను తడిసిన వెంటనే మార్చాలి, విప్పిన గుడ్డను పొడి బకెట్టులో వేసి ఒకటి రెండు రోజుల్లోపు ఉతికెయ్యాలి. నీళ్ళ బకెట్టు పెట్టక తప్పకపోతే పిల్లలకు అందనిచోట, గట్టి మూతతో పెట్టాలి. పాకే పిల్లలు తల్లకిందులుగా పడితే జానెడు నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి.

ఉతికే వరస ఇది. ముందు వట్టి నీళ్ళతో ఒకసారి. తర్వాత కొలిచిన సబ్బుపొడితో గోరువెచ్చని నీళ్ళలో, నూలైతే ఇంకాస్త వేడి నీళ్ళలో. ఆ తర్వాత జాడింపు, నీళ్ళు తేటగా వచ్చేదాకా, కనీసం మూడు నీళ్ళు. మెషీనులో వేస్తే గుడ్డలు దొర్లడానికి చోటుండేలా ముప్పాతిక వరకే నింపి, జాడింపు ఒకటి అదనంగా పెట్టాలి. సబ్బు మిగిలిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఉతికి ఆరిన గుడ్డను మంచినీళ్ళ గిన్నెలో వేసి చేత్తో తిప్పితే నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబడినా, అంచున నురుగు తేలినా జాడింపు చాలలేదని అర్థం. ఆరిన గుడ్డ మీద చెంచాడు నీళ్ళు పోస్తే ముత్యంలా నిలబడితే తెట్టో జిడ్డో పట్టినట్టు. సబ్బు మిగిలిన గుడ్డలను మళ్ళీ సబ్బు వేయకుండా వేడినీళ్ళలో నురుగు రావడం ఆగేదాకా ఉతికితే మళ్ళీ పీలుస్తాయి.

ఆ జిడ్డు ఈ ఊళ్ళలో ఎక్కువగా కొబ్బరినూనెదే. నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోసిన బిడ్డకు వెంటనే లంగోటీ కడితే నూనె అంతా గుడ్డకెక్కుతుంది. ఒళ్ళు తుడిచి కాసేపు గాలికి వదిలాక కట్టాలి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అందుకే చలికాలం చన్నీళ్ళకు వదలదు. ఒరుపుకు రాసే జింకు ఆయింట్‌మెంట్లు ఇంకా మొండివి. వాటిని రాసిన రోజుల్లో లోపల పలచని పాత గుడ్డ ముక్క వేసి, దాన్ని తర్వాత పారేయడం మేలు.

పరిమళానికీ మెత్తదనానికీ ఆఖరి నీళ్ళలో కలిపే ద్రవాలు పోగులకు పూతలా పట్టి పీల్చే గుణాన్ని పోగొడతాయి. క్రిమిసంహారకాలు పసి చర్మాన్ని మండిస్తాయి. ఈ రెండూ అక్కర్లేదు.

ఎండ ఖర్చు లేని మందు. ఉతికాక కూడా మిగిలే పసుపు మరకను తడిగా ఉండగానే ఎండలో పరిస్తే సాయంత్రానికి వెలిసిపోతుంది. తల్లిపాలు తాగే శిశువు దొడ్డికి ఆ రంగునిచ్చేది బిలిరుబిన్, అది వెలుతురుకు విరిగిపోతుంది. ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో 1956లో సిస్టర్ జీన్ వార్డ్ పచ్చకామెర్ల శిశువును ఎండలోకి తీసుకెళ్ళి తెచ్చినప్పుడు, ఒళ్ళంతా పసుపు తగ్గి, దుప్పటి కొస కప్పిన ముక్కోణం మేర మాత్రం పసుపు అలాగే మిగిలింది. ఆస్పత్రుల్లో కామెర్ల పిల్లలను దీపాల కింద పడుకోబెట్టే వైద్యం అలా మొదలైంది. దండెం మీది గుడ్డలోనూ వెలుతురు పనిచేసేది ఆ బిలిరుబిన్ మీదే.

పొర ఉన్న తొడుగులకు మాత్రం మండుటెండ పడదు. ఉడకబెట్టినా ఇస్త్రీ చేసినా పొర ఊడుతుంది, సాగేపట్టీ వదులవుతుంది. వాటిని నీడలో గాలికి ఆరేయాలి. దండెం మునగచెట్టు కింద కట్టకూడదు. గొంగళిపురుగు నూగు గుడ్డకు అంటితే బిడ్డ ఒళ్ళంతా దద్దుర్లే. పొద్దు వాలాక పసివాళ్ళ గుడ్డలు బయట ఉంచొద్దని పెద్దలు అంటారు. దిష్టి సంగతి ఎలా ఉన్నా, మంచుకు గుడ్డ మళ్ళీ చెమ్మగిల్లుతుంది, పురుగూ పుట్రా దూరతాయి.

ముసురు పట్టినప్పుడు కుంపటి మీద బుట్ట బోర్లించి గుడ్డలు ఆరబెట్టేవారు. వేడి మంచిదే గాని, పొగ పసి ఊపిరితిత్తులకు చేటు. ఫ్యాను కింద ఆరేసి, నూలు గుడ్డలైతే రెండువైపులా ఇస్త్రీ చేస్తే తడీ పోతుంది, క్రిములూ చస్తాయి. వానాకాలానికి మందపాటి మెత్తల కంటే పాత పంచె ముక్కలే నయం.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మడతల్లో ఎర్రగా కంది, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు లేస్తే అది ఫంగస్ కావచ్చు. డాక్టరుకు చూపించాలి. తగ్గేదాకా నూలు గుడ్డలను ఉడకబెట్టి ఉతకాలి, లేకపోతే మందు రాస్తున్నా మళ్ళీ మళ్ళీ అంటుకుంటుంది.

వాడి పారేసే డైపర్లను విడిగా చుట్టి ఇవ్వాలని ఘన వ్యర్థాల నియమాలు చెబుతున్నా, కాలువ గట్ల మీద అవి కనిపిస్తూనే ఉన్నాయి. గుడ్డవైతే ఆ బెడద లేదు. బ్రిటన్‌లో 2008లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం ప్రకారం, గుడ్డ డైపర్లను ఒకేసారి ఎక్కువగా వేసి ఉతికి, దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకూ వాడితేనే పర్యావరణానికి మేలు స్పష్టంగా కనిపిస్తుంది. ఎండకు కొదవ లేని ఊళ్ళో ఆ షరతులు పాటించడం ఏమంత కష్టం కాదు.

రెండో బిడ్డకు దాచేటప్పుడు బాగా ఆరిన గుడ్డలను పాత దిండుగలీబులో కట్టి, వేపాకు వేసి పెట్టాలి. ట్రంకుపెట్టెలో కలరా ఉండలు మాత్రం వేయొద్దు. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డకు ఆ వాసన పట్టిన గుడ్డ చుడితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఇంట్లో పురుడు ఉందంటే, ఆ పెట్టె గుడ్డలను ముందుగానే తీసి, ఉతికి, నాలుగు ఎండలు చూపించండి. ఇంకా వాసన వస్తుంటే ఆ గుడ్డ బిడ్డకు కట్టొద్దు.