శని, ఆదివారాల్లో టీవీ ముందు: ఏ ఆట, ఎంతసేపు, ఎందుకు?

అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాయి. తమిళనాడు బడులకు క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవులు. ఈ రోజుల్లో హోసూరు బజారులో ఏ తల్లి ఎదురుపడినా ఒకటే ఫిర్యాదు. "టీవీ ముందర నుంచి లేచేదే లేదు టీచరమ్మా. మీరన్నా చెప్పండి."

టీవీ కట్టేయమని నేను చెప్పను. శుక్రవారం రాత్రే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రెండు రోజుల్లో ఏ ఆట చూడాలో, ఎంతసేపు చూడాలో కాగితం మీద రాయించండి. తెలుగులో రాయించండి. మనలాంటి ఊళ్లలో సెలవులొస్తే పిల్లలు తెలుగు అక్షరం వైపు చూడరు. వాళ్లను మళ్లీ అటు తిప్పడానికి ఆట ఒక మంచి దారి.

అలాంటి రెండు రోజులు

2024 డిసెంబరు 28, 29 గుర్తున్నాయా? శనివారం మెల్‌బోర్న్ టెస్టు మూడో రోజు. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 474 చేసింది. మనవాళ్లు 221కే 7 వికెట్లు పోగొట్టుకున్నారు. అప్పుడు విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి చెన్నై కుర్రాడు వాషింగ్టన్ సుందర్ తోడయ్యాడు. ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడించారు. నితీశ్ 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. చివరివాడిగా వచ్చిన హైదరాబాదు సిరాజ్ మూడు బంతులు కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి వంద పూర్తి చేశాడు. మ్యాచ్ మాత్రం 184 పరుగుల తేడాతో ఓడిపోయాం. అదీ పిల్లలకు చెప్పాల్సిందే.

అదే శనివారం ఒడిశాలోని రవుర్కెలాలో హాకీ ఇండియా లీగ్ ఏడేళ్ల తర్వాత మళ్లీ మొదలైంది. ఆదివారం మనం లేచేసరికి న్యూయార్క్ నుంచి కబురు: కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ చదరంగంలో రెండోసారి విజేత. మొదటిసారి 2019లో మాస్కోలో. ఆ రాత్రి పుణెలో ప్రొ కబడ్డీ ఫైనల్. హరియాణా స్టీలర్స్ 32-23తో పట్నా పైరేట్స్‌ను ఓడించి తొలిసారి కప్పు అందుకుంది.

విశాఖ, చెన్నై, రవుర్కెలా, పుణె. ఈ పేజీ చదివే ఊళ్లన్నిటికీ ఆ రెండు రోజుల్లో ఏదో ఒక చుట్టరికం ఉంది.

ఏ వేళకు ఏ ఆట

తెల్లవారి 5 గంటలకు: ఆస్ట్రేలియాలో టెస్టులు. మెల్‌బోర్న్ టెస్టు ఏటా డిసెంబరు 26న మొదలవుతుంది. మొదటి రెండు గంటలు చాలు. చలిలో పిల్లవాడు తనంతట తాను లేచే పొద్దు ఇదొక్కటే.

మధ్యాహ్నం 1:30 ప్రాంతంలో: దక్షిణాఫ్రికాలో టెస్టులు. భోజనం అయ్యాక ఒక గంట.

మధ్యాహ్నం 2 గంటలకు: జనవరి చివర ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్స్. శనివారం ఆడవాళ్లది, ఆదివారం మగవాళ్లది. 2016లో మన సానియా మీర్జా అక్కడ మహిళల డబుల్స్ గెలిచింది. 2023లో తన ఆఖరి గ్రాండ్‌స్లామ్ ఫైనల్‌ను అక్కడే, కర్ణాటక ఆటగాడు రోహన్ బోపన్నతో కలిసి ఆడింది.

సాయంత్రం 6, రాత్రి 8:30: ఇంగ్లండ్ ఫుట్‌బాల్, శనివారాల్లో. రాత్రి 11 గంటల మ్యాచ్ మాత్రం వద్దు. మరునాడు పొద్దున పత్రికలో చదివిస్తే సరి.

కబడ్డీ, హాకీ లీగులు ప్రతి ఏడూ ఒకే నెలలో రావు. ఏ ఆట ఏ చానల్లో వస్తుందన్నదీ మారుతుంటుంది. అందుకే ఆ వెతుకులాట పిల్లవాడికే అప్పగించండి. తెలుగు పత్రిక ఆటల పేజీలో చూసి మీకు చదివి చెప్పాలి.

చూస్తూ నేర్చుకునేవి

మొదటిది గడియారం. మెల్‌బోర్న్‌లో ఆట మొదలయ్యేది అక్కడి 10:30కి. మనకు 5 గంటలు. ఎందుకు? మన ప్రామాణిక రేఖాంశం 82.5 డిగ్రీలు, కాకినాడ దగ్గరగా వెళ్తుంది. యానాం పిల్లలకు అది పొరుగు రేఖే. మెల్‌బోర్న్ గడియారానికి ఆధారం 150 డిగ్రీలు. తేడా 67.5. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 270 నిమిషాలు, అంటే నాలుగున్నర గంటలు. వేసవిలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. మొత్తం ఐదున్నర.

రెండోది లెక్క. 474కు ఫాలోఆన్ తప్పాలంటే ఎన్ని కావాలి? 200 లేదా అంతకంటే ఎక్కువ వెనకబడితే ఫాలోఆన్. కాబట్టి 275. ఈ తీసివేత వేలు పెట్టి చూపించక్కర్లేదు, వాళ్లే చేస్తారు.

మూడోది, నాకు ముఖ్యమైనది, మాట. 2018 నుంచి ఆటలకు తెలుగులో ప్రత్యేక చానల్ ఉంది. తెలుగు వ్యాఖ్యానం ఉన్న ఆటకు రిమోట్‌లో భాష మార్చండి. ఇంట్లో అవ్వ కూడా వచ్చి కూర్చుంటుంది.

ఆ డిసెంబరులోనే మా ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రి టీసీ అడగడానికి వచ్చాడు. "ఇంట్లో మాట్లాడేది తెలుగేగదా, బడిలో మళ్లా ఎందుకు?" అన్నాడు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. సంక్రాంతి దాకా ఆగమని, పిల్లవాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, కబడ్డీ ఫైనల్ చూసి తెలుగులో రాసుకు రమ్మన్నాను.

పదకొండు వరుసలు రాసుకొచ్చాడు. 'రైడ్' అని రాసి కొట్టేసి, పక్కన 'కూత' అని రాశాడు. ఎవరు చెప్పారంటే "మా అవ్వ" అన్నాడు. కబడ్డీ కాదు, చెడుగుడు అనాలని కూడా అవ్వే చెప్పిందట. దాన్నే తమిళంలో సడుగుడు అంటారని వాడు అవ్వకు చెప్పాడట. 'పట్టు'కు ఒత్తు మరిచిపోయాడు. నేను ఎర్ర సిరాతో దిద్దలేదు. చదివి వినిపించమన్నాను. చదువుతూ తానే ఆగి, ఒత్తు పెట్టుకున్నాడు.

సంక్రాంతి తర్వాత తండ్రి వచ్చాడు. నోటుపుస్తకం చేతికిచ్చాను. నిలబడే రెండు పేజీలు చదివాడు. "ఈ ఏడాది కానీండి టీచరమ్మా, తర్వాత చూస్తాం" అన్నాడు. ఆ తర్వాతి మాట ఇంకా తేలలేదు. పిల్లవాడు మాత్రం ఇప్పుడు రెండో నోటుపుస్తకం రాస్తున్నాడు.

ఈ శుక్రవారం రాత్రి మీ ఇంట్లోనూ ఒక కాగితం తీయండి. ఆట పేరు, వేళ, ఎంతసేపు అని మూడు గళ్లు గీయండి. నాలుగో గడిలో 'కొత్త తెలుగు మాట' అని రాసి, ఖాళీగా వదిలిపెట్టండి.