పావుమైలు కోసమే పుట్టిన కార్లు: అమెరికా కర్మాగారాల డ్రాగ్ రేసింగ్ చరిత్ర

1968లో అమెరికాలో ఒక కారును అంటించిన హెచ్చరికతో సహా విక్రయించారు. ఈ వాహనం సాధారణ రహదారులపై నడిపేందుకు తయారైనది కాదని, పర్యవేక్షణలో జరిగే వేగ పరీక్షలకు మాత్రమే ఉద్దేశించినదని, దీనికి ఎలాంటి గ్యారంటీ లేదని ఆ కాగితం సారాంశం. కారుకు రంగు పూర్తిగా వేయలేదు. వెనుక సీటు లేదు, రేడియో లేదు, హీటరు లేదు. అద్దం దించడానికి తిప్పే పిడి కూడా లేదు. ఒక పట్టీ పట్టుకుని లాగాల్సిందే. అయినా కొనేవారు ముందుకొచ్చారు. ఆ కారు పేరు డాడ్జ్ హెమీ డార్ట్. దాని తోబుట్టువు ప్లిమత్ హెమీ బరకూడా. కర్మాగారమే పందెం కోసం కారును నిర్మించి, షోరూముల ద్వారా సామాన్యులకు అమ్మిన ఒక విలక్షణ దశాబ్దానికి ఇవి పరాకాష్ఠ.

ఇంతకీ డ్రాగ్ రేసింగ్ అంటే ఏమిటి? ఇద్దరు పోటీదారులు పక్కపక్కనే నిలిచి, నిశ్చల స్థితి నుంచి బయలుదేరి, సరళరేఖలో పావుమైలు, అంటే సుమారు 402 మీటర్ల దూరాన్ని ఎవరు ముందు దాటుతారో తేల్చుకునే పందెం ఇది. మలుపులుండవు. ఆట మొత్తం పది, పన్నెండు సెకన్లలో ముగుస్తుంది. కనుక ఇక్కడ గెలుపు రెండే అంశాల మీద ఆధారపడుతుంది: ఇంజిను శక్తి, వాహనం బరువు. శక్తిని పెంచాలి, బరువును తగ్గించాలి. ఈ కార్ల చరిత్ర అంతా ఈ చిన్న సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

వీధి నుంచి విమానతలానికి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియా యువకులు పాత కార్లకు పదునుపెట్టి వీధుల్లోనే పందేలు కాసేవారు. ప్రమాదాలు పెరిగాయి, పత్రికలు, పోలీసులు మండిపడ్డారు. ఈ ఉత్సాహాన్ని అణచివేయడం కన్నా క్రమబద్ధమైన చోటికి మళ్లించడం మేలని భావించిన వ్యక్తి వాలీ పార్క్స్. 'హాట్ రాడ్' పత్రిక సంపాదకుడిగా పనిచేస్తున్న ఆయన 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించారు. యుద్ధానంతరం నిరుపయోగంగా మిగిలిన విమానతలాలు అనేక చోట్ల పందెపు బాటలుగా మారాయి. ఈ సంస్థ తొలి జాతీయ పోటీలు 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో, విమానాశ్రయపు రన్‌వే మీదే జరిగాయి.

పోటీలు సమంగా ఉండాలంటే వర్గీకరణ అవసరం. ఆ వర్గాల్లో 'స్టాక్', 'సూపర్ స్టాక్' ముఖ్యమైనవి. వీటిలో పాల్గొనే కారు కంపెనీ తయారుచేసి, మార్కెట్‌లో అమ్మినదై ఉండాలి. ఎవరో ఒకరు షెడ్డులో తయారుచేసిన ఒంటరి వాహనం చెల్లదు. ఎన్ని కార్లు తయారైతే అర్హత లభిస్తుందన్న సంఖ్యను కూడా నిబంధనలు నిర్ణయించేవి. 1960ల చివర అది 50గా ఉంది. సామాన్యుడి కారుకు న్యాయం చేయడానికి పెట్టిన ఈ నిబంధనే, కంపెనీలు పందెపు కార్లను చిన్న సంఖ్యలో నిర్మించి 'అమ్మకపు కార్లు'గా చూపడానికి ద్వారం తెరిచింది.

ఆదివారం గెలుపు, సోమవారం అమ్మకం

1955లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ పందెంలో ఒక కారు ప్రేక్షకులపైకి దూసుకుపోయి ఎనభైమందికి పైగా మరణించారు. పందేలపై ప్రజాభిప్రాయం దెబ్బతిన్నది. 1957లో అమెరికా వాహన తయారీదారుల సంఘం తమ సభ్యులు పందేలకు దూరంగా ఉండాలని తీర్మానించింది. కాగితం మీద అంగీకరించినా, ఆచరణలో ఆ తీర్మానం నిలవలేదు. ఆదివారం పందెం గెలిచిన కారు సోమవారం అమ్ముడుపోతుందన్నది అప్పటి వ్యాపారుల నమ్మకం. యుద్ధానంతరం పుట్టిన పెద్ద తరం డ్రైవింగ్ వయసుకు చేరుకుంటున్నది. 1962లో ఫోర్డ్ ఆ తీర్మానం నుంచి బహిరంగంగా తప్పుకుంది. అదే ఏడాది క్రైస్లర్ 'మ్యాక్స్ వెడ్జ్' అని పేరుపడిన 413 ఘనపుటంగుళాల, అంటే సుమారు 6.8 లీటర్ల ఇంజినును రంగంలోకి దింపింది. క్రైస్లర్ ఇంజినీర్లలో కొందరు 'రామ్‌చార్జర్స్' అనే క్లబ్బుగా ఏర్పడి, ఆఫీసు పని ముగిశాక స్వయంగా పందెపు కార్లు నిర్మించేవారు. ఆ అనుభవం తిరిగి కర్మాగారానికి చేరేది.

1963 నాటికి బరువు తగ్గించే యావ పతాకస్థాయికి చేరింది. షెవ్రోలే ఇంపాలాకు అల్యూమినియం ముందుభాగం అమర్చి 'జెడ్ 11' పేరుతో విడుదల చేసింది. పాంటియాక్ ఇంకా ముందుకు వెళ్లింది. కెటలినా కారు చట్రానికి వరుసగా పెద్ద రంధ్రాలు తొలిచింది. ఆ రంధ్రాలు చూసి జనం వాటిని 'స్విస్ చీజ్' కార్లని పిలిచారు. తయారైనవి కేవలం 14. ఇంతలో 1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం తమ విభాగాలన్నీ పందేల నుంచి వైదొలగాలని ఆదేశించింది. రంగంలో ఫోర్డ్, క్రైస్లర్ మిగిలాయి.

1964లో ఫోర్డ్ మధ్యతరహా ఫెయిర్‌లేన్ కారులో, పెద్ద కార్ల కోసం తయారైన 427 ఘనపుటంగుళాల ఇంజినును ఇరికించింది. అది 'థండర్‌బోల్ట్'. పని అప్పగించింది డియర్‌బోర్న్ స్టీల్ ట్యూబింగ్ అనే సంస్థకు. బానెట్టు, ముందు ఫెండర్లు ఫైబర్‌గ్లాసుతో చేశారు. నాలుగు హెడ్‌లైట్లలో లోపలి రెండింటిని తీసేసి, ఆ రంధ్రాల గుండా ఇంజినుకు చల్లని గాలి అందించారు. బరువైన లారీ బ్యాటరీని వెనుక డిక్కీలో పెట్టారు. వెనుక చక్రాల మీద బరువు ఎక్కువగా ఉంటే టైర్లు జారకుండా నేలను పట్టుకుంటాయి. మొత్తం నిర్మించినవి 100.

అదే ఏడాది క్రైస్లర్ 426 హెమీ ఇంజినును తెచ్చింది. ఇందులో ఇంధనం మండే అర అర్ధగోళాకారంలో ఉంటుంది. దానివల్ల పెద్ద వాల్వులు అమర్చడం, గాలి సులభంగా రాకపోకలు సాగించడం సాధ్యమైంది. కంపెనీ ప్రకటించిన శక్తి 425 అశ్వశక్తి. అసలు శక్తి అంతకు మించినదని పందెపు బాట మీద అందరికీ తెలుసు. ఆ హెమీ ఇంజినున్న ప్లిమత్ కార్లు 1964 ఫిబ్రవరిలో డేటోనా 500 పందెంలో మొదటి మూడు స్థానాలూ సాధించాయి. 1965 నమూనా హెమీ ప్లిమత్ నడిపి, 1966లో పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్‌లో గెలిచిన షిర్లీ షాహన్, నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ జాతీయస్థాయి పోటీలో విజయం సాధించిన తొలి మహిళగా నిలిచారు.

హద్దు దాటిన వేళ

పోటీ పెరిగేకొద్దీ కర్మాగారపు కారు తన రూపాన్నే కోల్పోయింది. 1965లో క్రైస్లర్ కొద్ది కార్లకు వెనుక ఇరుసును 15 అంగుళాలు, ముందు చక్రాలను 10 అంగుళాలు ముందుకు జరిపింది. లోహపు పొర పలచబడేందుకు బాడీని ఆమ్లంలో ముంచింది. వింతగా కనిపించిన ఆ కార్లను జనం 'ఫన్నీ' అన్నారు. డ్రాగ్ రేసింగ్‌లో నేటికీ ఉన్న 'ఫన్నీ కార్' అనే వర్గానికి ఆ మాటే మూలం. స్టాక్ వర్గాల నిబంధనలకు అవి సరిపడలేదు కనుక, డబ్బిచ్చి పిలిపించే ప్రదర్శన పందేలే వాటికి ప్రధాన వేదికలయ్యాయి.

ఆ ఏడాదే ఒక విషాదం. నాస్కార్ సంస్థ హెమీ ఇంజినుపై ఆంక్షలు విధించడంతో, డేటోనా విజేత రిచర్డ్ పెటీ హెమీ అమర్చిన బరకూడాతో డ్రాగ్ పందేలకు మళ్లారు. 1965 ఫిబ్రవరి 28న జార్జియా రాష్ట్రంలోని ఒక చిన్న బాటపై ఆయన కారు అదుపుతప్పి ప్రేక్షకుల్లోకి దూసుకెళ్లింది. ఒక బాలుడు మృతిచెందాడు. కార్లు మారిన వేగంతో పందెపు బాటల కంచెలు, ప్రేక్షకుల రక్షణ ఏర్పాట్లు మారలేదన్న సత్యాన్ని ఆ ఘటన ముందుకు తెచ్చింది. వీధుల్లో ప్రాణాలు కాపాడేందుకు మొదలైన క్రీడకు ఇది గుర్తుంచుకోవలసిన పాఠం.

చివరి మెరుపు

1968 ఫిబ్రవరిలో ఫోర్డ్ 428 కోబ్రా జెట్ మస్టాంగ్‌లు పొమోనా వింటర్‌నేషనల్స్‌లో తొలిసారి బరిలోకి దిగి సూపర్ స్టాక్ టైటిల్ గెలుచుకున్నాయి. ఆరంభంలో ప్రస్తావించిన హెమీ డార్ట్, బరకూడా కార్లు కూడా ఆ ఏడాదివే. వీటిని హర్స్ట్ అనే సంస్థ సమకూర్చింది. వాటి కిటికీలకు వాడిన పలచని గాజు కార్నింగ్ కంపెనీ తయారుచేసిన 'కెమ్‌కోర్'. రసాయన ప్రక్రియతో దృఢపరిచిన ఆ గాజు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. దశాబ్దాల తర్వాత అదే పరిజ్ఞానం మన చేతిలోని స్మార్ట్‌ఫోన్ తెరకు 'గొరిల్లా గ్లాస్'గా తిరిగివచ్చింది.

1969లో జనరల్ మోటార్స్ నిషేధానికి ఒక దొడ్డిదారి దొరికింది. టాక్సీలు, పోలీసు వాహనాల వంటి ప్రత్యేక ఆర్డర్ల కోసం ఉన్న 'కోపో' విధానం ద్వారా, ఇలినాయ్ రాష్ట్రానికి చెందిన ఫ్రెడ్ గిబ్ అనే డీలర్ పూర్తి అల్యూమినియం 'జెడ్‌ఎల్ 1' ఇంజినుతో 50 కమారో కార్లు కోరారు. అర్హతకు కావలసిన సంఖ్య అదే. తీరా వచ్చాక ఒక్కో కారు ధర 7,000 డాలర్లు దాటింది. ఇంజిను ఖరీదే 4,000 డాలర్లకు పైన. కొనేవారు కరవై, ఆయన చాలా కార్లను కంపెనీకి తిరిగి పంపవలసి వచ్చింది. మొత్తం తయారైనవి 69. నాడు ఎవరూ కోరని ఆ కార్లు నేడు వేలంలో లక్షల డాలర్లు పలుకుతున్నాయి.

తర్వాత తెర పడింది. యువ డ్రైవర్లపై బీమా రుసుములు భారమయ్యాయి. 1970 స్వచ్ఛ వాయు చట్టం పొగపై ఆంక్షలు తెచ్చింది. 1973 చమురు సంక్షోభం పెద్ద ఇంజిన్ల మోజును ముగించింది. 2008లో ఫోర్డ్ కోబ్రా జెట్ పేరుతో, 2012లో షెవ్రోలే సరిగ్గా 69 కోపో కమారోలతో ఆ సంప్రదాయాన్ని పరిమితంగా పునరుద్ధరించాయి.

అసలా, నకలా?

ఈ పాత కార్ల విలువ పెరగడంతో నకళ్లు కూడా పెరిగాయి. మామూలు డార్ట్ కొని హెమీ డార్ట్‌గా మార్చడం అసాధ్యమేమీ కాదు. పైగా పందెపు కారుకు ఇంజిను మారడం, ఫెండర్లు విరగడం మామూలే కనుక, అసలు కారులో కూడా అసలు భాగాలు తక్కువే మిగులుతాయి. అందువల్ల నిపుణులు చాసిస్ సంఖ్యను, అమ్మకపు పత్రాలను, నాటి ఛాయాచిత్రాలను సరిపోల్చి నిర్ధారిస్తారు. పాత రసీదు ఒక్కోసారి ఇంజిను కన్నా విలువైనది.

మన దేశానికీ ఈ కథతో పోలిక ఉంది. చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలో ఉన్న షోలవరం పాత విమానతలంలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు మోటారు పందేలు నిర్వహించింది. మరోవైపు హైదరాబాద్ వంటి నగరాల్లో అర్ధరాత్రి రహదారులపై పందేలు, పోలీసు కేసులు నేటికీ వార్తలవుతూనే ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అది శిక్షార్హమైన నేరం. యువత వేగాన్ని కోరడం కొత్త కాదు. దానికి కంచె ఉన్న చోటు, హెల్మెట్టు, నియమావళి, అంబులెన్సు ఉండాలని 1951లో ఒక పత్రికా సంపాదకుడు గుర్తించాడు. ఆ కార్లు మ్యూజియాలకు చేరినా, ఆ ఆలోచన అవసరం తీరలేదు.